నీళ్ళు పొయ్యొద్దన్నాను

2016 ఏప్రిల్లో, యాంగోన్ నగరమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు పోసుకుంటున్న రోజున, నేను ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడి చేతి మీద నీళ్ళు పొయ్యొద్దని అరిచాను. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే కారణం పెద్దదేమీ కాదు, సిగ్గు.

నేను ఆ ఊరు వెళ్ళింది 2015లో. అంతకు ముందు ఏడాదే రెండు విదేశీ టెలిఫోన్ కంపెనీలు అక్కడ అడుగుపెట్టి, వందల డాలర్లు పలికిన సిమ్ కార్డుని డాలరున్నరకి దించేశాయి. దేశమంతా ఒక్కసారిగా ఫోన్లు కొనేసింది. బ్యాంకులకి కొత్త సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చింది. సింగపూర్లో ఉన్న మా కన్సల్టింగ్ కంపెనీ నన్ను పంపింది. మా ఆవిడా, అమ్మాయీ సింగపూర్లోనే ఉండిపోయారు. నాకు అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. రంగూన్ గురించి నాకున్న జ్ఞానమంతా చిన్నప్పుడు చూసిన ‘రంగూన్ రౌడీ’ సినిమా పేరు దగ్గరే ఆగిపోయింది.

అక్కడ నాకు వండిపెట్టడానికి ఎవరో తెలిసినవాళ్ళు ఒకావిణ్ణి కుదిర్చారు. వచ్చిన మొదటిరోజే ఆవిడ గుమ్మంలో నిలబడి, “తెలుగోరంటగదా బాబూ, పప్పులో సింతపండు ఎయ్యాలా, టమాటా ఎయ్యాలా?” అని అడిగింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. గుర్తింపు కార్డులో ఆవిడది బర్మా పేరు, ఇంట్లో మాత్రం తెలుగు పేరు. వాళ్ళ తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోశాడట. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు మనవాళ్ళని కోరంగీలనేవారు. 1942లో జపానువాళ్ళు వచ్చిపడినప్పుడు లక్షలమంది అడవులూ కొండలూ దాటి నడిచిపోయారు. 1964 ప్రాంతంలో దుకాణాలన్నీ జాతీయం చేసేశాక ఇంకా చాలామంది ఓడలెక్కి తిరిగొచ్చేశారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళదే. వీళ్ళ కుటుంబం మాత్రం రెండుసార్లూ కదల్లేదు. ఆవిడ శ్రీకాకుళం చూడలేదు గానీ శ్రీకాకుళం భాష మాత్రం తాత దగ్గర తీసుకున్నది తీసుకున్నట్టే దాచుకుంది. నేను ‘పిన్నీ’ అని పిలిచేవాణ్ణి.

పిన్ని కూతురు లైంగ్ తాయాలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఆ అమ్మాయి కొడుకు, అంటే పిన్ని మనవడు, బడి సెలవుల్లో అమ్మమ్మతో మా ఇంటికి వచ్చేవాడు. వాడికి తెలుగు అర్థమయ్యేది, మాట్లాడేవాడు కాదు. నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆటలాడుకునేవాడు. పిన్ని వాణ్ణి ‘గుంటడు’ అనేది కాబట్టి నాకూ వాడు గుంటడే.

సరే, అసలు సంగతికొస్తాను. బర్మావాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు తింజన్ అని నీళ్ళ పండగ. నాలుగైదు రోజులు ఊళ్ళో ఏదీ తెరవరు. వీధి చివర డ్రమ్ములు పెట్టి, పైపులు పట్టుకుని, దారిన పోయేవాణ్ణి పొడిగా పోనివ్వరు. ఆ రోజు పదకొండింటికి కరెంటు పోయింది. రైస్ కుక్కర్ మూగదైంది. పిన్ని పాత పద్ధతిలో గ్యాసు మీద గిన్నెపెట్టి అన్నం వండి, గుడ్డతో మూత అదిమిపట్టి సింకులోకి గంజి వారుస్తోంది. గుంటడు ప్లాస్టిక్ నీళ్ళ తుపాకీ నింపుకుందామని అదే సింకు దగ్గరికి ఆవిడ చంకకింద నుంచి దూరాడు. వాడి కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా గంజి పడింది. గంజి ఉత్త వేణ్ణీళ్ళకంటే చెడ్డది, చర్మానికి అంటుకుని వేడిని వదలదు.

నేను వచ్చేసరికి పిన్ని వాణ్ణి స్నానాలగదిలోకి లాక్కెళ్ళి డ్రమ్ములోంచి చెంబు తరవాత చెంబు వాడి చేతిమీద పోస్తోంది. చిన్నప్పుడు మా ఇంట్లో నేర్చుకున్న పాఠం ఒక్కసారిగా నా నోట్లోంచి ఊడిపడింది.

“పిన్నీ, నీళ్ళు పొయ్యొద్దు! బొబ్బలెక్కుతుంది!”

“పొయ్యాల బాబూ, సల్లబడాల” అంది ఆవిడ, చెంబు ఆపకుండా. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ టీ దుకాణంలో పనిచేశాడు. అక్కడ చెయ్యి కాలితే ముందు నీళ్ళ తొట్టిలో పెట్టడమే పద్ధతట. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది.

“వద్దన్నానా!” అన్నాను.

చెంబు ఆగిపోయింది. ఆవిడ వాదించలేదు. రెండు నిమిషాలు పోసిందో లేదో.

మీలో నా వయసువాళ్ళకి తెలిసే ఉంటుంది, మనిళ్ళల్లో కాలిన గాయానికి ఎన్నెన్ని వైద్యాలో. నీళ్ళు తప్ప అన్నీ రాసేవాళ్ళం. సిరా, పళ్ళపేస్టు, పసుపు, తేనె, గోధుమపిండి, ఇడ్లీపిండి. కాస్త చదువుకున్న ఇళ్ళల్లో బర్నాల్ పసుపు. ఇంకాస్త ఎదిగాక నా మందుల పెట్టెలోకి తెల్లటి క్రీము వచ్చింది. సిల్వర్ సల్ఫాడయాజిన్, ఒక శాతం. విజయవాడలో డాక్టరు చీటీ లేకుండానే షాపులో ఇచ్చారు. పేరులో వెండి ఉంది, ఆస్పత్రుల్లో వాడతారు, అంటే మంచిదే అయ్యుంటుందని నా తర్కం.

ఆ క్రీముని ఉత్త వేళ్ళతో, రొట్టెకి వెన్న రాసినట్టు వాడి చేతినిండా పట్టించాను. పైన దూది పెట్టి గుడ్డ చుట్టాను. సాయంత్రానికి బొబ్బలు లేచాయి. ‘చూశావా, నీళ్ళు పోశావు కదా’ అన్నట్టు పిన్ని వైపు చూశాను కూడా. మర్నాడు పొద్దున పాత పూత తియ్యకుండానే దానిమీద ఇంకో పూత వేశాను. మూడోరోజుకి గాయం మీద తెల్లగా, బూడిదరంగుగా మందపాటి పొర కట్టింది. చీము పట్టిందనుకున్నాను. భయమేసింది. పండగ మూలంగా తెలిసిన క్లినిక్కులన్నీ మూసున్నాయి. చివరికి సాంచావుంగ్‌లో ఒకటి తీసి ఉందని తెలిసి, పిల్లాడి చేతికి ప్లాస్టిక్ సంచీ కట్టి, దారిపొడుగునా నీళ్ళు కొట్టించుకుంటూ టాక్సీలో వెళ్ళాం.

అక్కడున్న డాక్టరుగారు అరవై దాటిన బర్మా ఆవిడ. అక్కడ ఆడ డాక్టర్లనీ టీచర్లనీ ‘సయామా’ అంటారు. ఆవిడ దూది లాగబోతే అది బొబ్బకి అంటుకుపోయి ఉంది. సెలైన్‌తో తడిపి తడిపి విడదీస్తూ నన్ను ఇంగ్లీషులో అడిగారు.

“ఇది ఎవరు రాశారు?”

“నేనే.”

“కాలగానే ఏం చేశారు?”

“రెండు నిమిషాలు నీళ్ళు పోశాం” అన్నాను. పోశాం అన్నాను, చూశారా. పిన్ని నేల చూపులు చూస్తోంది.

“ఇరవై నిమిషాలు పొయ్యాలి. మామూలు కుళాయి నీళ్ళు, ఐసు కాదు. కాలిన మూడుగంటల లోపల ఎప్పుడు పోసినా ఎంతో కొంత లాభమే. బొబ్బలు నీళ్ళవల్ల రావు, లోపలికి దిగిన వేడివల్ల వస్తాయి. నీళ్ళు ఆ వేడిని లాగేస్తాయి.”

తరవాత ఆ తెల్లపొర అంతా కడగడానికి అరగంట పట్టింది. అది చీము కాదు, క్రీమూ గాయంలోంచి ఊరే ద్రవమూ కలిసి కట్టిన పొరట. చూడటానికి చచ్చిన చర్మంలా ఉంటుంది. అది ఉన్నంతసేపూ కింద గాయం ఎంత లోతో చూసి చెప్పడం కష్టం, అందుకే కడిగి తీరాలి. గుంటడు వాళ్ళమ్మమ్మ లుంగీ అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మా వృత్తిలో ఒక పాపం ఉంది, సిస్టమ్ ఎందుకు పడిపోయిందో చెప్పే లాగ్ ఫైలుని ముందే చెరిపేసి, ఆ తరవాత నిపుణుణ్ణి పిలవడం. నేను చేసింది అదే.

గాయం కనబడ్డాక సయామా కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. గులాబీరంగులో తడిగా ఉంది, ముట్టుకుంటే నొప్పి ఉంది, అంటే పైపొరల్లోనే ఆగిందన్నమాట. కాలినమేర లెక్కెయ్యడానికి వాడి అరచేతినే కొలగా వాడారు. మనిషి అరచెయ్యి వేళ్ళతో సహా వాడి ఒంట్లో సుమారు ఒక శాతమట. వాడిది రెండు అరచేతులంత. ధనుర్వాతం టీకా వివరాలు అడిగారు. ఆ తరవాత క్రీము పేరు చెప్పమని, “సల్ఫా మందులు పడని పిల్లాడు కాదుకదా?” అన్నారు.

నాకు తెలియదు. అడగాలని కూడా తెలియదు.

ఆవిడ పిన్ని వైపు తిరిగి బర్మాలో అడగడం మొదలుపెట్టారు. నాకు ఒక్కముక్క అర్థం కాలేదు. పిన్ని మొహం చూస్తున్నాను. ముందు కాదు, లేదు అన్నట్టు తలూపింది. ఇంకేదో అడిగారు. పిన్ని ఆగిపోయింది. తరవాత గబగబా చెప్పడం మొదలుపెట్టింది, చెబుతూ చెబుతూ పిల్లాడి తలమీద చెయ్యేసింది.

బయటికొచ్చాక నాకు తెలుగులో చెప్పింది. నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఊళ్ళో గుంటడికి మలేరియా వచ్చింది. ఏవో మాత్రలిచ్చారు. మూడోరోజున “ఉచ్చ టీ డికాసను లాగొచ్చినాది బాబూ. కళ్ళు పచ్చగైపోనాయి. రత్తం ఎక్కించినారు.”

“నాకెందుకు చెప్పలేదు పిన్నీ?” అన్నాను. ఎంత అన్యాయమైన ప్రశ్నో అడిగాకగానీ తెలియలేదు.

“అవి మాత్తర్లు గదా బాబూ. ఇది పైన రాసీది. నానేటెరుగుదును? నువ్వు సదువుకున్నోడివి గదా.”

సయామా వాడికి రక్తపరీక్ష చేయించారు. అనుమానించిందే నిజమైంది. జి6పిడి అని ఎర్రరక్తకణాల్లో ఒక ఎంజైము ఉంటుంది, కణాన్ని కొన్ని మందుల దాడి నుంచి కాపాడుతుంది. అది తక్కువగా ఉన్నవాళ్ళకి మలేరియా మాత్ర ప్రైమాక్విన్ వేస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. ఈ లోపాన్ని కనిపెట్టింది 1956లో, అదీ ప్రైమాక్విన్ ఎందుకు కొందరికే పడటం లేదని వెతుకుతూనే. మలేరియా బాగా తిరిగిన ప్రాంతాల్లో ఇది ఎక్కువ, బర్మాలోనూ ఉంది, మనదేశంలోనూ ఉంది. తల్లివైపు నుంచి వస్తుంది, ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. సిల్వర్ సల్ఫాడయాజిన్‌లో సగం సల్ఫా మందే. కాలిన చర్మం మంచి చర్మంలా అడ్డుగోడ కాదు. రాసిన దాంట్లో కొంత రక్తంలోకి పోతుంది. ఇలాంటి పిల్లలకి అదే ప్రమాదం.

“మీరు రాసింది కొద్దిమేర, రెండు రోజులు” అన్నారు సయామా. “ఏమీ కాకపోవచ్చు. రెండురోజులు మూత్రం రంగు చూస్తూండండి. అదే వీపంతా కాలి ఉంటే మీతో ఇంత నెమ్మదిగా మాట్లాడేదాన్ని కాను.”

ఆ రెండు రోజులూ పిన్ని పొద్దున్నే ఫోన్ చేసి “బాగానే ఉంది బాబూ” అనేవరకు నేను కాఫీ తాగలేదు. ఏమీ కాలేదు. వాజిలిన్ పూసిన గాజుగుడ్డ వేసి కట్టు కట్టేవారు, బొబ్బలు చిదపకుండా. రెండు వారాల్లో మానిపోయింది.

ఆ తరవాత నాకు ఆ క్రీము మీద పెద్ద కోపమొచ్చింది. కూర్చుని చదివాను. చదివితే కోపం పోయి, నామీదికే తిరిగింది. పాపం, అది చాలా ప్రాణాలు కాపాడిన మందు. 1960లలో పెద్దపెద్ద కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ళు కాలడంవల్ల కంటే తరవాత పట్టే సూక్ష్మజీవులవల్ల ఎక్కువగా పోయేవారు, ముఖ్యంగా సూడోమోనాస్ అనే మొండి జాతి వల్ల. 1968లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫాక్స్ అనే ఆయన వెండినీ, సల్ఫానీ కలిపి ఈ మందు చేశాడు. అప్పటిదాకా వాడుతున్న సిల్వర్ నైట్రేట్ గుడ్డల్ని మాటిమాటికీ తడుపుతూ ఉండాల్సి వచ్చేది. ఈ క్రీము రోజుకి ఒకటి రెండుసార్లు రాస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా చోటు దొరికింది. కానీ అది పెద్ద గాయాలకోసం, రోజూ కడిగి చూసే నర్సులున్న వార్డుకోసం పుట్టిన మందు. వంటింట్లో చిన్నగా కాలిన చేతికి దానివల్ల మేలు తక్కువ. 2013లో తిరగరాసిన కోక్రేన్ సమీక్షలో, పైపైన కాలిన గాయాలకి కొత్తరకం కట్లతో పోలిస్తే ఈ క్రీముతో మానడం ఆలస్యమవుతోందని తేల్చారు.

ఇంకో విషయం చెప్పకపోతే ఈ సిగ్గు పూర్తికాదు. ఆ ట్యూబు వచ్చిన అట్టపెట్టె నా మందుల పెట్టెలోనే ఉంది. అందులో ఎనిమిది మడతలుపెట్టిన కాగితం. చీమతలకాయలంత అక్షరాల్లో అన్నీ ఉన్నాయి. సల్ఫా పడనివాళ్ళు వాడకూడదు. రెండు నెలలు నిండని పసిపిల్లలకీ, నెలలు నిండిన గర్భిణులకీ వద్దు, ఎందుకంటే బిడ్డకి కామెర్లు ముదిరి మెదడుకి ఎక్కే ప్రమాదం ఉంది. జి6పిడి లోపం ఉన్నవాళ్ళకి ఎర్రకణాలు పగలొచ్చు. శుభ్రమైన గాయంమీద, గ్లవ్స్ వేసుకున్న చేత్తో, ఒకటిన్నర మిల్లీమీటరు మందాన రాయాలి. క్రీము నల్లబడితే పారెయ్యాలి. యాంగోన్ ఎండల్లో కరెంటు లేని గదిలో ఏడాదిగా పడున్న ట్యూబు గురించి ఇక చెప్పేదేముంది. పదేళ్ళుగా క్లయింట్లకి “ముందు మాన్యువల్ చదవండి” అని చెప్పి ఫీజు పుచ్చుకున్నవాణ్ణి నేను.

ఇప్పుడు మా సింగపూర్ వంటింట్లో ఎవరికైనా చెయ్యి కాలితే ఉంగరమో గాజో ముందు తీసేస్తాం, వాపు రాకముందే. గడియారం చూసుకుని ఇరవై నిమిషాలు కుళాయి కింద. పైన వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పితే చాలు, అంటుకోదు. మొహమో, కీలో, అరచెయ్యో, చంటిపిల్లో, లేదా గాయం అరచేతికన్నా పెద్దదో అయితే ఏమీ రాయకుండా డాక్టరు దగ్గరికి. మా అమ్మాయి నన్ను “నాన్నా, టైమర్ పెట్టావా?” అని ఎగతాళి చేస్తుంది.

పిన్నికి క్షమాపణ చెప్పాను, చాలా రోజుల తరవాత, గోంగూర చప్పలు తుంపుతుంటే. ఆకు కూర చూస్తూనే, “పోనీ బాబూ, మంచికే అయినాది, నేకపోతే గుంటడి రత్తం సంగతి తెలిసీదేటి?” అంది. ఆ మాటతో నా భారం దిగిపోవాలి. దిగలేదు. మొదటి చెంబుల దగ్గర నన్ను తోసేసి పోసుంటే బాగుండేదని ఆవిణ్ణి అనలేను కదా. నేను వద్దంటే ఆవిడ చెయ్యి ఆగిపోవడానికి మా మధ్య ఏముందో ఇద్దరికీ తెలుసు. జీతం ఇచ్చేది నేను.

సయామా చెప్పిన ప్రకారం ఆ తరవాత నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని, ఒక కార్డు. ఒకవైపు బర్మాలో, ఒకవైపు ఇంగ్లీషులో: ఈ అబ్బాయికి జి6పిడి లోపం ఉంది, ప్రైమాక్విన్, సల్ఫా మందులు డాక్టరుకి చెప్పకుండా ఇవ్వొద్దు. మా ఆఫీసులో ల్యామినేషన్ చేయించి మెడలో వేసుకునే తాడు కూడా కట్టించాను. గుంటడు దాన్ని బడికి వేసుకెళ్ళడానికి సిగ్గుపడ్డాడట. పిన్ని దాన్ని గౌరమ్మ పటం వెనక దాచింది.

2018లో నా పని అయిపోయి వచ్చేశాను. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కుంది. ఆ తరవాత పిన్నితో ఫోన్ కలవడమే గగనమైంది. కలిసినప్పుడల్లా కరెంటు సంగతే. “మోటారాడదు బాబూ. అందుకే డ్రమ్ము నిండా ఎప్పుడూ నీల్లు ఉంచుతాను.” 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ అమల్లోకి తెస్తున్నామని ప్రకటించారు, మగపిల్లలకి పద్దెనిమిది నుంచి ముప్ఫై ఐదు. గుంటడికి అప్పటికి పదిహేడు. పద్దెనిమిది నిండకముందే వాణ్ణి థాయ్‌లాండ్ సరిహద్దు దాటించేశారు. ఎలా దాటాడో పిన్ని చెప్పలేదు, నేను అడగలేదు. “ఆ అడవుల్లో మలేరియా గదా బాబూ” అని మాత్రం అంది. “పటం ఎనకాల కార్డు తీసి ఆడి సొక్కాలో కుట్టేసినాను.”

కొన్నాళ్ళకి నాకు మే సోట్ నుంచి మెసేజీ వచ్చింది. ఒక హోటలు వంటింట్లో పని దొరికిందట. జ్వరం వచ్చిందట, మలేరియానేనట. క్లినిక్కులో కార్డు చూపిస్తే వాళ్ళు రక్తం మళ్ళీ పరీక్ష చేసి, ఆ మాత్ర రోజూ కాకుండా వారానికి ఒకసారి, వాళ్ళ కళ్ళ ముందే ఇస్తామన్నారట. ఇదంతా ఇంగ్లీషులోనే రాశాడు. చివర్న మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ‘బాగానే ఉంది బాబూ’ అని ఉంది, వాళ్ళమ్మమ్మ అన్నట్టే.

కింద ఒక ఫోటో పెట్టాడు. అంచులు ఊడిపోయిన కార్డు, వెనకవైపు ఎవరో థాయ్‌లో చేత్తో రాసిన మూడు వరసలు. కార్డు పట్టుకున్నది కుడిచెయ్యి. ఫోటోని పెద్దదిచేసి మణికట్టు నుంచి పైకి మచ్చకోసం చూశాను. కనబడలేదు.